తీగల మీదుగా ఒక గంట
(మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంగ్లండు వెళ్ళొచ్చారుగా, నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంచెం జంకాను. మన సంఘంలో విదేశాలు వెళ్ళిరాని వాళ్ళు తక్కువ. వెళతాం, మనవల్ని ఎత్తుకుంటాం, చలికి వణుకుతాం, పట్టుకెళ్ళిన ఆవకాయ అయిపోగానే తిరిగొస్తాం. ఇందులో కొత్తగా చెప్పేదేముంది? అయితే 2019 ఆగస్టులో ఒక సాయంత్రం నేను వేడిగాలి బెలూన్‌లో బాత్ అనే ఊరి మీదుగా ఎగిరాను. దాన్ని గురించి మాత్రం మన శాఖ వాళ్ళకి చెప్పవలసింది కొంత ఉంది. లైన్ల మీద బతికిన వాళ్ళం కదా.

మా అమ్మాయి, అల్లుడు ఆ చుట్టుపక్కలే ఉంటారు. నాకు డెబ్భై ఒకటో ఏడు వచ్చిందని టిక్కెట్టు కొని చేతిలో పెట్టారు. మా ఆవిడకి కూడా కొంటామంటే, "ఇద్దరం పైనుంటే కింద చూసుకునే వాళ్ళెవరు? ఆయన్నెళ్ళమనండి" అని తేల్చేసింది.

టిక్కెట్టు చేతికొస్తే ఎగిరిపోవచ్చనుకున్నాను. అలా కాదు. మూడుసార్లు తయారయ్యాం, మూడుసార్లూ ఫోన్‌లోనే రద్దయింది. ఒకసారి గాలి ఎక్కువ, ఒకసారి ఉరుముల సూచన, ఒకసారి వాన. నేల మీద గాలి గంటకి పదిహేను కిలోమీటర్లు దాటుతుంటే వీళ్ళు సాధారణంగా బెలూన్ విప్పరు. మిట్టమధ్యాహ్నం అసలు ఎగరరు. ఎండకి నేల కాగి గాలి సుడులు తిరుగుతుంది. అందుకని తెల్లవారగానే, లేకపోతే పొద్దుగుంకడానికి రెండు గంటల ముందు. ఇంగ్లండు వాతావరణం మీకు తెలుసు. అక్కడ బెలూన్ పైలట్‌కి ఎగరడం కంటే ఆగడం ఎక్కువ వచ్చి ఉండాలి.

కొంచెం చరిత్ర చెబుతాను, విసుక్కోకండి. మనిషి మొదటిసారి బెలూన్‌లో స్వేచ్ఛగా ఎగిరింది పారిస్‌లో, 1783 నవంబరు 21న. మోంగోల్ఫియే సోదరులు కట్టిన వేడిగాలి బెలూన్ అది. అంతకు రెండు నెలల ముందు ఒక గొర్రెని, బాతుని, కోడిపుంజుని పంపి చూశారు. ఇంగ్లండు గడ్డ మీద మొదట ఎగిరింది లునార్డీ అనే ఇటలీ ఆయన, 1784 సెప్టెంబరు 15న, లండన్ నుంచి. ఆయనది హైడ్రోజన్ బెలూన్. వెంట ఒక కుక్క, ఒక పిల్లి, ఒక పావురం. పిల్లికి చలి పట్టుకుందని దారిలో ఒకచోట దిగి దాన్ని వదిలిపెట్టి మళ్ళీ ఎగిరాడు. ఆ చోటుని ఇప్పటికీ బెలూన్ కార్నర్ అంటారు. తర్వాత మూడు వారాలకి ఆక్స్‌ఫర్డ్‌లో మిఠాయి దుకాణం నడిపే జేమ్స్ శాడ్లర్ ఎగిరాడు. ఇంగ్లీషు వాళ్ళలో అతనే మొదటివాడు. ఆ తర్వాత వేడిగాలి బెలూన్లు మూలపడ్డాయి. గ్యాస్ మంటతో నడిచే ఇప్పటి రకం 1960లో అమెరికాలో వచ్చింది. 1967లో బ్రిస్టల్ వాళ్ళు 'బ్రిస్టల్ బెల్' పేరుతో ఒకటి కట్టారు. అందులో ముఖ్యుడైన డాన్ కామెరాన్ తర్వాత బెలూన్ల కంపెనీ పెట్టాడు. 1999లో ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టివచ్చిన బెలూన్ ఆ ఊళ్ళో తయారైనదే. మనవాళ్ళూ తక్కువేం కాదు. 2005 నవంబరులో విజయ్‌పత్ సింఘానియా బొంబాయి నుంచి వేడిగాలి బెలూన్‌లో 21 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి ప్రపంచ రికార్డు పెట్టారు.

సరే, నా సంగతికి వస్తాను. నాకు ఎత్తంటే భయం లేదు. తీగలంటే భయం. బెలూన్ వాళ్ళకి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కరెంటు తీగలే. 2012 జనవరిలో న్యూజీలాండ్‌లోని కార్టర్టన్ దగ్గర ఒక బెలూన్ 33 కె.వి. లైన్‌కి తగులుకుని పదకొండు మంది పోయారు. 2016 జులైలో అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, ఇంకొకటి తీగలకి తగిలి పదహారు మంది పోయారు. ఈ రెండూ నేను చదివి ఉన్నాను. మా ఆవిడకి చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మీలో కొందరికి తెలుసు. 1987 వానాకాలంలో నేను ఒక సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. 11 కె.వి. లైన్ మీద డిస్క్ పగిలింది. ఎల్.సి. తీసుకుని లైన్‌మన్‌ని ఎక్కించాను. రెండో వైపు ఏ.బి. స్విచ్ కూడా లాగించాం. హ్యాండిల్ కిందికి వచ్చింది. మూడు బ్లేడుల్లో ఒకటి మాత్రం అతుక్కుపోయి విడిపోలేదు. తలెత్తి చూడవలసింది నేను. చీకటి పడుతోంది, చినుకులు పడుతున్నాయి, ఊళ్ళో వాళ్ళు కరెంటు కోసం చుట్టూ మూగి ఉన్నారు. నేను చూడలేదు. ఎర్త్ చేయించలేదు. ఆయన చేతికి తీగ తగిలింది. విచారణ జరిగింది, కాగితాల మీద నా తప్పు చిన్నదిగానే తేలింది. అది కాగితాల మాట. ఆనాటి నుంచి రోడ్డు మీద నడుస్తున్నా ఏ.బి. స్విచ్ కనబడితే ఆగి బ్లేడులు లెక్కపెడతాను. మా పిల్లలు చిన్నప్పుడు నవ్వేవాళ్ళు.

సాయంత్రం ఆరింటికి బాత్‌లోని రాయల్ విక్టోరియా పార్కుకి వెళ్ళాం. గడ్డి మీద బెలూన్ గుడ్డ పరిచారు, నైలాన్‌ది. పెట్రోలు ఫ్యానుతో ముందు చల్లగాలి పట్టించి, తర్వాత మంట పెట్టారు. ప్రొపేన్ గ్యాసు ద్రవంగా సిలిండర్లలో ఉంటుంది. అది మంట చుట్టూ ఉన్న గొట్టంలో తిరిగి, ఆ వేడికే ఆవిరై, బయటికొచ్చి మండుతుంది. మన పాత పంపు స్టవ్వు సూత్రమే. నాకు చప్పున అర్థమైంది, పక్కనున్న కుర్రవాళ్ళకి కాలేదు.

లెక్క కూడా చెబుతాను, మనలో ఇంజనీర్లున్నారు కదా. బయట 15 డిగ్రీలు, లోపల 100 డిగ్రీలు ఉంటే ఒక ఘనపు మీటరు గాలి పావుకిలో పైచిలుకు తేలిక అవుతుంది. పదహారు మందిని మోసే బెలూన్ సుమారు పదకొండు వేల ఘనపు మీటర్లు. అంటే మూడు టన్నుల ఎత్తుడు బలం. అయితే లోపలున్న వేడిగాలి బరువే పది టన్నులు ఉంటుంది. అందుకే మంట పెట్టగానే లేవదు. కొన్ని సెకన్లు ఆలోచించుకుని లేస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

పైలట్ నలభై ఏళ్ళావిడ. ఎక్కేముందు నేను మొహమాటపడుతూ తీగల సంగతి అడిగాను, నేను ఫలానా శాఖలో పనిచేశానని కూడా చెప్పాను. ఆవిడ నవ్వేసి ఊరుకోలేదు. మ్యాపు తీసి చూపించింది. "తీగ ఆలస్యంగా కనిపిస్తే దాని మీదుగా ఎక్కి దాటాలని చూడకూడదు. గాలి వదిలేసి దిగిపోవాలి. బుట్ట తీగకి తగలడం కంటే గుడ్డ తగలడం నయం" అంది. న్యూజీలాండ్‌లో పైకి లేపబోయారు. ఆవిడకీ ఆ సంగతి తెలుసని ఆ మాటతో నాకు తెలిసింది. ధైర్యం వచ్చింది.

బుట్ట నిజంగా బుట్టే. బెత్తంతో, ఒక రకం చెట్టు సన్న కొమ్మలతో అల్లింది. పక్కన కాలు పెట్టుకోడానికి కన్నాలుంటాయి, అందులో పాదం పెట్టి ఎక్కాలి. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు. వెనకనుంచి అల్లుడు, ముందునుంచి ఎవరో దొరసాని సాయం పట్టారు. టోపీ పెట్టుకోమని చెప్పారు. ఎందుకో అనుకున్నాను. నెత్తి మీద మంట రేగినప్పుడు నా బట్టతలకి తెలిసింది.

లేచినట్టు తెలియలేదు. కింద మా ఆవిడ చిన్నదవుతోంది, అంతే. గాలితోపాటు మనమూ పోతాం కనుక ముఖానికి గాలి తగలదు, చేతిలో కాగితం కూడా కదలదు. మంట ఆపితే నిశ్శబ్దం. ముందు రాయల్ క్రెసెంట్ కిందికొచ్చింది. ముప్ఫై ఇళ్ళు ఒకే వంపులో, చంద్రవంకలాగా, 1767లో మొదలుపెట్టి ఎనిమిదేళ్ళు కట్టారట. ఊరంతా ఒకే తేనెరంగు రాయి. కుడివైపున ఏవన్ నది, దాని మీద రెండు పక్కలా దుకాణాలున్న వంతెన. ఆ ఊరి నడిబొడ్డున రోమన్ల కాలం స్నానఘట్టాలున్నాయి, ఇప్పటికీ 46 డిగ్రీల వేడినీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. ముందురోజే చూసొచ్చాం. పైనుంచి అది ఎక్కడో వెతుక్కోవలసి వచ్చింది.

ఊరు దాటాక అసలు పల్లెటూరు. సోల్స్‌బరీ కొండ, బల్లపరుపుగా. కంచె మొక్కల గీతలతో, రాతిగోడలతో విడగొట్టిన చేలు. గోధుమ కోసేశారు, గడ్డి చుట్టలు గుండ్రంగా పడి ఉన్నాయి. మా బెలూన్ నీడ ఆ చేల మీద మాకంటే ముందు పోతోంది. శబ్దాలు మాత్రం స్పష్టంగా వినిపిస్తాయి. ఎక్కడో కుక్క మొరిగింది, ఒక పెరట్లో పిల్లవాడు చెయ్యి ఊపి అరిచాడు, మేమూ అరిచాం. ఆవుల మంద మీదుగా పోతున్నప్పుడు పైలట్ వేరే మంట వాడింది, చప్పుడు తక్కువది. ఏమిటని అడిగితే దాన్ని ఆవుల బర్నర్ అంటారని చెప్పింది. పశువులు, గుర్రాలు బెదిరే చోట్లు మ్యాపులో గుర్తు పెట్టి ఉంటాయి, వాటి మీద తక్కువ ఎత్తులో పోరు. బెలూన్‌కి చుక్కాని లేదు. పైకి వెళ్ళినకొద్దీ గాలి కుడికి తిరుగుతుంది, కిందికొస్తే ఎడమకి. కుడికి పోవాలంటే ఎక్కుతుంది, ఎడమకి పోవాలంటే దిగుతుంది. నడపడం అంటే అంతే.

నేను చేలు చూస్తున్నానని అందరూ అనుకున్నారు. నేను లైన్లు చూస్తున్నాను. అక్కడా 11, 33, 132 కె.వి.లే, యాభై సైకిల్సే. టవర్ లైను భయపెట్టదు, మైలు దూరం నుంచి కనబడుతుంది. భయపెట్టేది చిన్న 11 కె.వి. లైను. అక్కడ చెక్క స్తంభాలు. ఒంటరి పొలం ఇళ్ళకి మూడు తీగలు కూడా ఉండవు, రెండు తీగల సింగిల్ ఫేజ్ కొమ్మ. పైనుంచి చూస్తే తీగ అసలు కనిపించదు. పచ్చటి నేలలో కలిసిపోతుంది. కనిపించేది స్తంభమే, అదీ చెట్ల వరసలో ఉంటే కష్టం. ముప్ఫై ఏళ్ళు కిందనుంచి ఆకాశం మీద తీగని చూసినవాణ్ణి, నేల మీద తీగని చూడలేకపోయాను.

కోలర్న్ అనే ఊరు దాటాక దిగడానికి సిద్ధమయ్యాం. కోసేసిన చేను ఒకటి ఎదురుగా ఉంది, చక్కగా, ఖాళీగా. కిందికొస్తున్నాం. చేను పక్కన ఒక పాత కొట్టం, కొట్టం పక్కన ఒక స్తంభం, దాని మీద చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఒకటే స్తంభం కనిపిస్తోంది. నా గుండె ఆగినంత పనైంది. ట్రాన్స్‌ఫార్మర్ ఊరికే ఉండదు కదా, దానికి లైను ఎక్కడినుంచో రావాలి. ఎక్కడినుంచి? నోరు ఎండిపోయింది, అయినా ఈసారి ఊరుకోలేదు. "అమ్మా, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి లైను ఎటునుంచి వస్తోంది?" అని ఇంగ్లీషులో గట్టిగా అరిచాను. ఆవిడ తల తిప్పకుండానే "అదే వెతుకుతున్నాను" అంది. ఇద్దరం ఒకేసారి చూశాం. ఆ చేనుకి ఇవతల గట్టున, ఓక్ చెట్ల మధ్య, రెండో స్తంభం. అంటే తీగ చేనుకి అడ్డంగా, మా దారిలోనే ఉంది. అప్పటికి మేము దానికి చాలా ఎత్తులో, దూరంలో ఉన్నాం, అంటే ఇంకా టైముంది. ఆవిడ రెండుసార్లు నిండుగా మంట పెట్టింది. పది టన్నుల గాలి ఆలోచించుకుంది. నేను లెక్కపెడుతున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. లేచాం. స్తంభాలు రెండూ, వాటి మధ్య తీగలు రెండూ, బాగా కింద నుంచి వెళ్ళిపోయాయి. అప్పుడు తీగల మీద ఎండ మెరిసి కనిపించాయి.

నేను అరవకపోయినా ఆవిడ చూసేదే. ఆ సంగతి నాకు తెలుసు, మీకూ చెబుతున్నాను.

రెండు చేలు దాటాక, ప్రయాణ దిశకి వీపు పెట్టి, మోకాళ్ళు వంచి, తాళ్ళు పట్టుకుని కూర్చున్నట్టు నిలబడ్డాం. బుట్ట రెండుసార్లు గెంతి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా వాళ్ళ కారు, బెలూన్ వాళ్ళ జీపు గేటు దగ్గరకొచ్చి ఆగిపోయాయి. చేను యజమాని ఒప్పుకుంటే గానీ బండి లోపలికి రాకూడదట, అది వాళ్ళ నియమం. పైలట్ నడిచి వెళ్ళి రైతుని వెతికి మాట్లాడి వచ్చింది. ఈలోగా ముప్పావుగంట నేను గేటుకి ఇటు, మా ఆవిడ గేటుకి అటు. "దెబ్బలేం తగల్లేదుగా?" అని అక్కడినుంచే అడిగింది. రైతు ట్రాక్టరు మీద వచ్చాడు, ఒక సీసా పుచ్చుకున్నాడు, మాతో నిలబడి కబుర్లు చెప్పాడు. కరెంటు లైను ఎప్పుడు వేశారని నేనడిగితే, బెలూన్ దిగి కరెంటు సంగతి అడిగినవాణ్ణి ఇంతవరకూ చూడలేదన్నాడు.

వెనక్కి నడిచివెళ్ళి ఆ స్తంభం చూశాను. పసుపుపచ్చ రేకు మీద ప్రాణాపాయం అని ఇంగ్లీషులో రాసి, పడిపోతున్న మనిషి బొమ్మ ఉంది. మన పుర్రె బొమ్మ కంటే అది నన్ను ఎక్కువ కదిలించింది. కాసేపు నిలబడి వచ్చాను.

ఖర్చు ఎంతని ఇందాక ఒకరు అడిగారు. మనిషికి వంద పౌండ్ల పైనే. మన అరకులో కూడా 2017లో బెలూన్ల పండుగ చేశారు, అక్కడికి నేను వెళ్ళలేదు.

ఆ లైన్‌మన్‌గారి అబ్బాయి కారుణ్య నియామకంలో మన శాఖలోనే చేరాడని కొందరికి తెలుసు. నేను తిరిగొచ్చాక ఇంటికి వచ్చాడు. ఫొటోలు చూపించాను. ఒక ఫొటో దగ్గర ఆగి, "ఇందులో లైనెక్కడుంది సార్?" అన్నాడు. కొట్టం పక్కన స్తంభం చూపించాను. అతను ఫొటోని దగ్గరికి తీసుకుని, నేను చెప్పకుండానే, ఓక్ చెట్లలో రెండోది వెతికి వేలు పెట్టాడు. కాఫీ తాగి, తొమ్మిదింటికి ఎల్.సి. ఉందని లేచి వెళ్ళాడు.