పరదేశ సేవ – స్వగృహ ప్రవేశము



ధర్మకార్యమునకై సముద్రము దాటి వెళ్ళువారిని సాగనంపుటకు మనకు సభలున్నవి, శాలువలున్నవి, పూలదండలున్నవి. తిరిగి వచ్చినవానికి గడప యొక్కటే యున్నది. ఈ సాయంకాలము మేము మనవి చేయదలచినది ఆ గడపను గూర్చియే.

పూర్వము సముద్రయానమే దోషము. బౌధాయన ధర్మసూత్రము దానిని పాతిత్యహేతువులలో చేర్చినది. తరువాతి నిబంధనకారులు కలివర్జ్యములలో లెక్కించిరి. వెళ్ళి వచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధించెడివారు. నేడు కొన్ని మఠములలో తప్ప ఆ పట్టింపు సడలినది. 1977లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ సమీపమున పెన్‌హిల్స్‌లో తిరుమల తిరుపతి దేవస్థానముల సహకారముతో శ్రీ వేంకటేశ్వరాలయము వెలసినది. ఆ యేడే న్యూయార్కులోని ఫ్లషింగ్‌లో మహాగణపతి ప్రతిష్ఠ జరిగినది. అటుపిమ్మట మన అగ్రహారముల నుండి అర్చకులు, పరిచారకులు, శిల్పులు అనేకులు అచ్చటి ఆలయములకు వెళ్ళిరి. మతసేవకులకు ఆ ప్రభుత్వమిచ్చు తాత్కాలిక అనుమతికి గరిష్ఠమైన గడువు ఐదు సంవత్సరములు. మేమును అట్లు వెళ్ళి, గడువు తీరి వచ్చినవారమే. కనుక ఈ మాటలలో శాస్త్రము కొంత, స్వానుభవము కొంత.

స్వామికార్యమునకై సముద్రము దాటి తిరిగి వచ్చినవారిలో మనకు ఆద్యుడు హనుమంతుడు. మహేంద్రగిరిపై దిగిన వెంటనే ఆయన ఏమి చేసెను? జాంబవదాదులగు పెద్దలకును, యువరాజగు అంగదునకును నమస్కరించెను. సీతాదేవిని చూచితినని ఒక్క ముక్కలో చెప్పెను. సురస, సింహిక, అశోకవనభంగము, లంకాదహనము – ఇవన్నియు జాంబవంతుడు అడిగిన పిదపనే చెప్పెను. ఎదురుచూచువారి ప్రాణమునకు కావలసిన మాట ముందు. తన ప్రయాణపు ఘనత తరువాత. ఈ ఘట్టమును మేము ఎన్ని పర్యాయములు పురాణముగా చెప్పియుంటిమో లెక్కలేదు. మా యింట అడుగిడిన నాడు మాత్రము అది జ్ఞప్తికి రాలేదు.

సన్న్యాసికి ఇల్లెక్కడిదని మీరడుగవచ్చును. శంకర భగవత్పాదులు కాలడి విడిచి వెళ్ళునపుడు, అంత్యకాలమున వచ్చెదనని తల్లి ఆర్యాంబకు మాట యిచ్చిరని సంప్రదాయము. ఆ మాట ప్రకారము వచ్చిరి. సన్న్యాసి అంత్యక్రియలు చేయరాదని బంధువులు అడ్డుపడిరి. భుజము పట్టుటకు ఒక్కడును రాలేదు. ఆయనయే పెరటిలో చితి పేర్చి సంస్కారము చేసిరి. వాదములలో ఎందరినో జయించిన ఆచార్యులు ఆనాడు తల్లి యెదుట కొడుకుగానే నిలిచిరి.

ఇంకొక వృత్తాంతము మనకు దగ్గర కాలమునకు చెందినది. వివేకానందస్వామి 1893 మే 31న బొంబాయిలో ఓడ యెక్కి, 1897 జనవరి 15న కొలంబోలో దిగిరి. జనవరి 26న పాంబనులో అడుగుపెట్టగా రామనాథపురము రాజా భాస్కర సేతుపతి ఎదురేగిరి. ఫిబ్రవరి 6న మదరాసు చేరి, తొమ్మిది దినములుండిరి. దారి పొడుగున తోరణములు, ఊరేగింపులు, సన్మానపత్రములు! పుస్తకములలో ఈ భాగము విస్తారముగా నుండును. కలకత్తాలో ఆయన తల్లి భువనేశ్వరీదేవి కాపురము మాత్రము అంతగా కనబడదు.

ఆమె భర్త విశ్వనాథదత్తు 1884లో గతించెను. పిమ్మట అప్పులు, దాయాదులతో ఇంటికై వ్యాజ్యము. పెద్దకుమారుడు సన్న్యసించెను. ఆ కుమారుడు లోకవిఖ్యాతుడై వచ్చిన తరువాత కూడ ఆ యిల్లు తేరుకొనలేదు. 1897 మే 1న రామకృష్ణ మిషన్‌ను స్థాపించినవారు, మరుసటి సంవత్సరము ఖేత్రీ మహారాజు అజిత్‌సింగునకు జాబు వ్రాసి ఒక కోర్కె కోరిరి: తన తల్లికి నెలనెలా అందుచున్న 100 రూపాయలు తాను పోయిన పిదప కూడ ఆగరాదని. శరీరము అప్పటికే రోగగ్రస్తము. విశ్వమానవులను సోదరులని సంబోధించిన నోటితో, తన తల్లి గ్రాసమునకై యాచించుటకు ఆయన సిగ్గుపడలేదు. మాకు చికాగో సభ కన్న ఈ జాబే పెద్దదిగా తోచును. ఎవరైన కాదన్నచో వాదింపము.

1901లో ఉబ్బసముతో బాధపడుచునే తల్లిని తీర్థములకు తీసికొనిపోయిరి: తూర్పు వంగమున లాంగల్‌బంద్‌లో బ్రహ్మపుత్రా స్నానము, చంద్రనాథ దర్శనము, పిదప అస్సాములో కామాఖ్య. 1902 జూలై 4న ఆయన దేహము చాలించిరి. ఆ తల్లి 1911 వరకు జీవించినది.

ఇక మా సంగతి. వచ్చిన రాత్రి చుట్టుపక్కలవారందరు చేరిరి. అచ్చటి గోపురము ఎత్తెంత, మంచులో ఉత్సవమూర్తులను ఎట్లు ఊరేగింతురు, భక్తులెందరు – అడిగిన వారికి అడిగినట్లు చెప్పితిమి. అడుగనివారికి కూడ చెప్పితిమి. మూలనున్న మా తల్లి అంతయు విని, చివరకు ఒక్కటే అడిగినది: "నాయనా, అక్కడ వేళకు అన్నము పెట్టినవారెవరురా?" బదులు చెప్పుటకు నోరు రాలేదు. ఐదేండ్లలో ఆమెకు వేళకు అన్నము పెట్టినదెవరో మేమడుగలేదని అప్పుడు స్ఫురించినది.

మరునాడు తెల్లవారుజామున స్నానము చేసి, ఎప్పటివలె మందసము ముందు పీట వేసికొని కూర్చుంటిమి. మా యింట సాలగ్రామ నిత్యార్చన తాతల నాటిది. మా కుమారుడు తడిబట్టతో తులసి తెచ్చి, మమ్ము చూచి, పళ్ళెము ప్రక్కన పెట్టి మాటలాడక వెలుపలికి పోయెను. మేము వెళ్ళునాటికి వానికి పన్నెండేండ్లు. ఉపనయనమైన యేడు.

మా ధర్మపత్ని దీపము సరిచేయుచు మెల్లగా ననినది: "జ్వరము వచ్చిన నాడు కూడ వాడు ఒక్క పూట మానలేదు. పరీక్షల నాడు మూడు గంటలకే లేచినాడు. మీరు కూర్చొనవద్దని కాదు. వానినొక్క మాట అడిగి కూర్చొనరాదా?"

మేము పరదేశమున స్వామిని సేవించితిమని అనుకొనుచుంటిమి. ఇంటి స్వామి పస్తుండకుండ చూచినది ఆ పిల్లవాడు. వానికి శాలువ కప్పినవారు లేరు.

లేచి అరుగు మీదికి పోయి పిలిచితిమి. "నీవే చేయుము నాయనా. ఈ ఐదేండ్లలో నా మంత్రమున కొన్ని స్వరములు జారినవి, వినుచు సరిచేసికొందును" అంటిమి. అది వాని మనసు కొరకు అన్న మాట కాదు. త్వరత్వరగా అనేక అర్చనలు చేసి చేసి నిజముగనే జారినవి. వాడు నవ్వలేదు, వచ్చి పీట మీద కూర్చొనెను. మేము సాన దగ్గరకు జరిపికొని గంధము తీయుటకు మొదలిడితిమి.