ప్రయోగశాలలో మానవాంత్రము: మన యువజనుల కొక వృత్తి

(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



మన మహాసభలయందు విద్యావిషయమై మాటలాడువారు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, ఉపకారవేతనములను గూర్చియు రెండు మాటలు చెప్పి విరమించుట ఆచారము. మేమును తుదకు ఆ మాటకే వత్తుము. కాని దానికి ముందుగా మీలో పెక్కురు వినియుండని యొక వృత్తిని మీ యెదుట నుంచదలచితిమి. విశ్వవిద్యాలయముల ప్రయోగశాలలయందు మానవుని ప్రేవు నమూనాను పాత్రలో పెంచి పరీక్షించు వృత్తి యది. వినుటకు వింతగా నుండును. కొందరికి రోతగాను తోచును. ఓపికతో ఆలకింపుడని ప్రార్థన.

అన్నము జీర్ణమగు స్థానమును మన పూర్వులు తక్కువగా దలంపలేదు. ఉదరమందలి యగ్నిని వైశ్వానరుడనిరి. చరకసంహిత చికిత్సాస్థానమున గ్రహణీరోగమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. నేటి శాస్త్రజ్ఞులును ఆ స్థానమునే సూక్ష్మదర్శినితో చూచి యాశ్చర్యపడుచున్నారు. చిన్నప్రేవు లోపలితట్టున ఆంత్రచూషకములనబడు సన్నని మొలకలు లెక్కకు మిక్కిలిగా నుండును. వాని మొదళ్లయందు గుంటలు కలవు. ఆ లోపలిపొర 4, 5 దినములకొకమారు క్రొత్తదగును. పాతకణములు రాలిపోవుచుండగా, గుంటల యడుగున నుండు మూలకణములు క్రొత్తవానిని పుట్టించుచుండును.

నెదర్లాండ్సు దేశమున యుట్రెక్టు నగరమందలి హూబ్రెక్టు సంస్థలో హాన్స్ క్లెవర్స్ అను శాస్త్రజ్ఞుని బృందము 2007లో ఈ మూలకణములను గుర్తుపట్టు చిహ్నమును కనుగొనెను. 2009లో ఆ బృందమునందే తోషిరో సాటో అను జపాను వైద్యుడు చుంచెలుక ప్రేవునుండి అట్టి కణమును ఒక్కదానిని గ్రహించి, మెత్తని జిగురుపదార్థమున నిలిపి, పెరుగుదలకు వలయు మాంసకృత్తుల నందించెను. ఆ యొక్క కణమే కొన్నిదినములలో గుంటలతోను, చూషకభాగములతోను కూడిన సూక్ష్మమైన ప్రేవుగా పెరిగెను. 2011 నాటికి మానవుల ప్రేవునుండియు ఇట్లే పెంచగలిగిరి. ఆ సంవత్సరముననే అమెరికాలో సిన్సినాటి పిల్లల వైద్యశాలయందలి పరిశోధకులు, ఏ యవయవముగానైనను మారగల మానవ మూలకణములనుండి ప్రేవు కణజాలమును పెంచి చూపిరి.

ఇట్టి సృష్టికి ఆర్గనాయిడు అని పేరు. సంస్కృతమున దీనికి అవయవకల్పము అను పేరు చక్కగా నొప్పును. కల్పమను ప్రత్యయమునకు 'ఇంచుక తక్కువ' అని వ్యాకరణార్థము. విద్వత్కల్పుడన్నచో విద్వాంసునికంటె ఇంచుక తక్కువవాడు. ఈ ముద్దయు నట్టిదే. దీనియందు రక్తనాళములు లేవు, నాడులు లేవు, ఆహారము ప్రవహింపదు. ఆ కొరతను కొంత తీర్చుటకే హార్వర్డు విశ్వవిద్యాలయపు వీస్ సంస్థలో డానల్డ్ ఇంగ్బర్ బృందము 2012లో వేరొక పద్ధతిని చూపెను. మృదువైన పారదర్శక ఫలకమున సన్నని కాలువలు తీర్చి, నడిమి పొరపై ప్రేవుకణములను పెంచి, ద్రవమును పారించుచు, ప్రేవు కదలునట్లే ఆ పొరను సాగదీయుచు ముడుచుచు నుండు యంత్రమది.

దీనివలన ప్రయోజనమేమని మీరడుగవచ్చును. వాంతులను, విరేచనములను కలిగించు నోరోవైరసును 1972లో సూక్ష్మదర్శినియందు గుర్తించిరి గాని, మానవులకు సోకు ఆ క్రిమిని ప్రయోగశాలలో నమ్మకముగా పెంచుట నలువదేండ్లు దాటినను సాధ్యము కాలేదు. 2016లో హ్యూస్టను నగరమందలి బేలర్ వైద్యకళాశాలలో మేరీ ఎస్టిస్ బృందము ఈ ప్రేవునమూనాలయందే దానిని పెంచగలిగెను. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వంశపారంపర్యవ్యాధి కలవారి విషయమున నెదర్లాండ్సు పరిశోధకులు 2013లో ఒక పరీక్షను ప్రకటించిరి. రోగి పెద్దప్రేవు చివరిభాగమునుండి చిన్న తునకను గ్రహించి ఆర్గనాయిడులు పెంచి, ఒక రసాయనమును కలుపుదురు. ఆరోగ్యవంతునివి ఉబ్బును, రోగివి ఉబ్బవు. మందు కలిపినపుడు ఉబ్బినచో ఆ మందు ఆ రోగికి పనిచేయునను సూచన దొరకును. రోగి దేహముపై గాక రోగి కణములపై మందును ముందుగా పరీక్షించుట యన్నమాట!

ప్రభుత్వములును దీనిని గుర్తించినవి. ఔషధములను ముందు జంతువులపై పరీక్షించి తీరవలయునను నిబంధనను అమెరికా దేశము 2022 డిసెంబరులో తొలగించెను. 2023 మార్చిలో మన కేంద్రప్రభుత్వమును క్రొత్త ఔషధముల నియమములను సవరించి, ఇట్టి నమూనాలతో చేయు పరీక్షలకు తావిచ్చెను. హైదరాబాదు నగరమున సీసీఎంబీ ఆవరణములోని అంకురసంస్థల కేంద్రమందు మానవ నమూనాల కొరకే యొక విభాగము వెలసినది. కావున ఈ వృత్తి దూరదేశములకే పరిమితమని యెంచరాదు.

ఇక నీ పని యెట్టిదో వినుడు. శస్త్రచికిత్సయందు తీసివేసిన భాగమునుండియో, పరీక్షకై గ్రహించిన తునకనుండియో, రోగి వ్రాతపూర్వకముగా అనుమతించిన మీదట కణములను వేరుచేయవలయును. జిగురును మంచుపై నుంచియే వాడవలయును. వెచ్చబడినచో అది పిపెట్టులోనే పేరుకొనిపోవును. పాత్రలను 37 డిగ్రీల వెచ్చదనమున నిలుపవలయును. రెండు మూడు దినములకొకమారు పోషకద్రవమును మార్చవలయును. వారమునకొకమారుగా పెరిగిన ముద్దలను విడదీసి మరల నాటవలయును. కణములకు ఆదివారము లేదు, పండుగ లేదు. చేయి తొణికినను, మూత మరచినను, బూజు సోకి నెలల శ్రమ వ్యర్థమగును. నారుమడి పెంచిన రైతునకు ఈ మాట చక్కగా బోధపడును.

ఇందు ఉద్యోగములు పలుతెరగులు. పట్టముతో చేరు ప్రయోగశాలా సహాయకులు కొందరు, డాక్టరేటు కొరకు పనిచేయు పరిశోధకులు కొందరు, డాక్టరేటు పిదప రెండు మూడేండ్ల గడువుతో నియమింపబడువారు కొందరు. మన దేశమున 2023 జనవరి 1వ తేది మొదలు కేంద్రపు సవరణ ననుసరించి జూనియరు పరిశోధకునకు నెలకు 37,000 రూపాయలు, సీనియరునకు 42,000, రీసెర్చి అసోసియేటునకు తరగతినిబట్టి 58,000 మొదలు 67,000 వరకు నిర్ణయింపబడినది. ఇది సంపన్నమార్గము కాదు. స్థిరమార్గమును కాదు. గ్రాంటు ముగిసిననాడు ఉద్యోగమును ముగియును. ఈ సంగతి దాచి యువకులను ప్రోత్సహించుట ధర్మము కాదు.

మన పెద్దలు చూపు అభ్యంతరములు రెండు. మొదటిది, ఇది రోతపని, చేతిపని యనుట. సుశ్రుతసంహితను చూడుడు. శవమును ఏడురాత్రులు ప్రవాహమున నానవైచి, కుంచెతో మెల్లగా రుద్ది పొరపొరగా చూచి నేర్వవలయునని యందు విధింపబడినది. అంతకంటె ముఖ్యముగా, యోగ్యాసూత్రీయాధ్యాయమున శిష్యుడు గుమ్మడికాయను, ఆనపకాయను, దోసకాయను కోసి కోతను, తోలుసంచులపై భేదనమును అభ్యసింపవలయునని చెప్పబడినది. అనగా రోగి దేహమును ముట్టకముందే నమూనాపై చేయి తీర్చుకొనుమని ఋషి శాసనము. నేటి అవయవకల్పము ఆ గుమ్మడికాయకు మనుమరాలు. శాస్త్రమెరిగియు చేతి నేర్పు లేనివానిని సుశ్రుతుడు వైద్యుడుగా నంగీకరింపలేదు. జంతుహింస తగ్గుననుట నిజమే గాని పూర్తిగా తొలగినదనరాదు. వాడుకలోనున్న జిగురు చుంచెలుకల కణితినుండి తీయబడునదే. దానికి బదులు కృత్రిమపు జిగురును సిద్ధపరచు ప్రయత్నము సాగుచున్నది. ఆ ప్రయత్నమునకును చేతులు కావలయును గదా!

రెండవ యభ్యంతరము తాత్కాలికోద్యోగమునుగూర్చినది. 2009 నాటి యుట్రెక్టు పరిశోధనను స్వహస్తములతో చేసిన సాటో అచ్చట స్థిరాచార్యుడు కాడు. డాక్టరేటు పిదప పరదేశమునకు పోయి కొన్నియేండ్లు పనిచేసినవాడు. ఆయన పిదప జపానునకు మరలి కెయో విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించెను.

మన తెలుగువారిలోనే మహోదాహరణ మున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ అను ప్రేవువ్యాధికి బలియైరి. ఆయనయు ఆ వ్యాధి బాధను ఎరిగినవారే. అమెరికాకు పోయి, మొదట ఆసుపత్రిలో చిన్నపనులు చేసి పొట్టపోసికొని, హార్వర్డునందు పరిశోధించియు అచ్చట స్థిరస్థానము నొందక, 1940లో లెడర్లీ సంస్థను చేరిరి. ఆయన నడపిన ప్రయోగశాలలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. అది స్ప్రూ వ్యాధికి మందయ్యెను. ఆయన సముద్రము దాటుటకు మామగారి ధనసహాయముతోపాటు కాకినాడ యందలి మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ యిచ్చిన హామీయు తోడ్పడెను. వదాన్యులు ఈ వాక్యమును మరల చదువుకొనవలయునని మా కోరిక. ఆనాటి దాతలకు ఫోలిక్ ఆమ్లమనునది యొకటి పుట్టబోవుచున్నదని తెలియదు. తెలియకయే యిచ్చిరి.

మన విద్యానిధి నియమములలో నేటికిని ఇంజనీరింగు, వైద్యము అను రెండు పేర్లే యున్నవి. జీవశాస్త్రమున ఎం. ఎస్సీ. చదువగోరిన బాలిక దరఖాస్తు నియమము లేదని త్రోసివేయబడుచున్నది. ఆమె తల్లిదండ్రులు అప్పుచేయుటయో, చదువు మాన్పించుటయో చేయవలసివచ్చుచున్నది. కావున మూడు కోరికలను సభవారి ముందుంచుచున్నాము.

ఒకటి: జీవశాస్త్రములందలి ఎం. ఎస్సీ. చదువును, పరిశోధనను విద్యానిధి నియమములలో చేర్చుట.

రెండు: ఒక నియామకము ముగిసి వేరొకటి దొరకులోపల ఆరు నెలలకు మించకుండ వడ్డీలేని అప్పు నిచ్చుట. ఈ వృత్తిని విడిచిపోవునట్లు చేయునది చాలీచాలని జీతమొక్కటియే కాదు. ఈ నడిమి నెలల భయము.

మూడు: ఇట్టి ప్రయోగశాలలలో పనిచేయుచున్న మన యువతీయువకులు సెలవులకు వచ్చినపుడు, వసతిగృహములలో ఒకపూట కూర్చుండి, ఈ పనియందలి సుఖమును కష్టమును దాపరికము లేక చెప్పునట్లు ఏర్పాటు చేయుట.

వీనికి పెద్దమొత్తము అక్కరలేదు. నియమావళిలో ఒక పంక్తి మారవలయును, పెద్దల మనస్సు ఇంచుక మారవలయును. సంబంధములు చూచునపుడు 'స్థిరోద్యోగమేనా?' యని యడుగు తల్లులును తండ్రులును, 'ఏ పని నేర్చినాడు? ఏ పని నేర్చినది?' అని కూడ నడుగుదురు గాక. గడువు తీరినను చేతి నేర్పు తీరిపోదు.

 మా కోరికలను తీర్మానముగా సభ యెదుట ప్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి యనుమతిని వేడుచున్నాము.

స్వస్తి.