డిగ్రీ చేతికొచ్చాక



డిగ్రీ పాసై ఇంకా కుదురుకోని పిల్లల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. జనగామ మార్కెట్ యార్డు హమాలీ కొడుకు, మానుకోట తండాలో కూలికి పోయే తల్లి బిడ్డ, భూపాలపల్లి బొగ్గుబాయిలో కాంట్రాక్టు కార్మికుని కొడుకు - ఇటువంటి వారు చాలామంది తమ ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్లు. "డిగ్రీ అయిపాయె గదా, ఇంకా ఖాళీగనే ఉన్నవా?" అని వాడకట్టులో అడుగుతుంటారు.

గ్రూప్-2 సంగతే చూడండి. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. పలుమార్లు వాయిదా పడి, పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీలలో. ఆ రెండేళ్లూ పగలు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, రాత్రి చదువుకున్న పిల్లవాణ్ణి సోమరి అనడం న్యాయం కాదు.

ఇక స్థానికత. మన సర్వీసు కాలంలో ఈ మూడు ఊళ్లూ వరంగల్ జిల్లావే. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులలో భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌లోకి, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లోకి, జనగామ యాదాద్రి జోన్‌లోకి వెళ్లాయి. జిల్లా, జోనల్ పోస్టులలో 95 శాతం స్థానికులకే. అందుకు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటే ప్రమాణం. తండ్రి పని కోసం మానుకోట నుంచి భూపాలపల్లికి పోతే, పిల్లవాని బడి కాగితాలు రెండు జిల్లాలలో పడతాయి. ఆ బడి మూతపడి ఉంటే తిరుగుడు తప్పదు.

మన పిల్లలకు ఇవన్నీ చెప్పడానికి మనమున్నాం. హమాలీ కొడుక్కి ఎవరున్నారు? కాగితం చూడటం మనం సర్వీసంతా చేసిన పనే. కనుక వారానికొక పూట సంఘ భవనంలో ఇద్దరు ముగ్గురం కూర్చుందాం. బోనఫైడ్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఉన్నాయా, పేరు, పుట్టిన తేదీ అన్నింటిలో ఒకే తీరుగా ఉన్నాయా చూద్దాం. నోటిఫికేషన్ రాకముందే సరిచేయిస్తే చివరి రోజుల పరుగు తప్పుతుంది. ఉద్యోగం ఇప్పించడం మన చేతిలో లేదు. కాగితం లేక అవకాశం పోకుండా చూడటం కొంతైనా మన చేతిలో ఉంది.

ఇకమీదట అటువంటి పిల్లవాడు ఎదురైతే "ఇంకా ఖాళీయేనా?" అనకుండా, "కాగితాలన్నీ ఉన్నాయా బిడ్డా?" అని అడుగుదాం.