ఆకాశములో వంతులు

1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సేన పడమట షోలాపురము నుండియు, తూర్పున బెజవాడ నుండియు హైదరాబాదు సంస్థానములోనికి నడచినది. తూర్పు బాటలో వచ్చిన దళములకు తొలిదినముననే చిక్కిన ఊరు హుజూర్‌నగరమునకు పొరుగున నున్న కోదాడ, అటుపై సూర్యాపేట. 17వ తేదీన నిజాము పోరు విరమించినట్లు ప్రజలకు తెలిపినది రేడియోలోనే.

అయితే మా రేడియోకును, రణరంగములోని వైర్‌లెస్సునకును పోలిక తక్కువ. మా కేంద్ర మొక్కటి పలుకును, లక్షలమంది విందురు. వినువారు పెరిగినంత మాత్రమున ఆకాశము ఇరుకు కాదు. సేనలో ప్రతి దళమును పలుకవలసినదే, వినవలసినదే, కదలుచుండవలసినదే. చోటు మాత్రము మితము. సైనికులు వీపున మోయు వి.హెచ్.ఎఫ్. సెట్లు సాధారణముగా 30 మొదలు 88 మెగాహెర్ట్‌జుల వరకు పనిచేయును. 25 కిలోహెర్ట్‌జుల కొకటి చొప్పున 2,320 ఛానళ్లు. ఎక్కువగానే తోచును గాని, శత్రువు చెవి తప్పించుటకు క్షణక్షణము ఛానలు మార్చుటయు అందులోనే జరుగవలెను. నేడు మాటలతోపాటు పటములును, చిత్రములును ఆ దారినే పోవుచున్నవి.

పంపకమెట్లు? నాగార్జునసాగరము ఎడమకాలువ క్రింది రైతులకు వంతు అనగా నేమో విడమరచి చెప్ప నక్కరలేదు. ఒక్కొక్క దళమునకు ఇన్ని క్షణములని వంతు కట్టినచో, మౌనముగా నున్న దళము వంతు వృథా. అడిగినవారికే ఇత్తమన్నచో, అడుగుటకును ఆ ఛానలే కావలెను. వంతుకై వేయు కేకలతోనే కాలువ నిండును! పైగా కాలువ కదలదు, దళములు కదలును. ఉదయము కట్టిన వంతు మధ్యాహ్నమునకు చెల్లదు. గుట్టకు ఈవల నొకరు, ఆవల నొకరు ఒకరి మాట ఒకరికి వినబడక ఒకేసారి పలికినచో, గుట్టపై నున్నవానికి ఇద్దరి మాటయు అందదు. బాగుగా ఎడమైన దళములు మాత్రము ఒకే ఛానలును ఏకకాలమున వాడుకొనవచ్చును, అది లాభము.

అన్నిటికంటె చిక్కు చివరి దళముది. దాని మాట నడుమ ఇద్దరి చేతులు మారి కేంద్రము చేరవలె ననుకొనుడు. ఒకే ఛానలైనచో ఒక్క సందేశము మూడుమార్లు పలుకవలెను, మూడింతల కాలము పట్టును. మొత్తము మీద ఎక్కువ సందేశములు పోవలెనని లెక్క కట్టిన యంత్రము దగ్గరివారికే వంతులిచ్చి చివరివానిని ఎండబెట్టును. చివరి ఆయకట్టు గతియే. నా దృష్టిలో ఈ లెక్క తప్పు. గాయపడినవాడు సాధారణముగా ఉండునది ఆ చివరనే.

అందుకే సేనలు సందేశములకు ప్రాముఖ్య క్రమమును నిర్ణయించినవి. అత్యవసర సందేశము రాగానే తక్కినవి ఆగును. కాని ప్రతి అధికారికిని తన సందేశమే అత్యవసరము గదా! కనుక ఆ ముద్రకును హద్దు పెట్టి, చివరి దళముల పేర కొంత వంతు విడిగా ఉంచవలెను. రోజంతయు అది ఊరక యున్నను, పటములు పంపువారికి ఈయరాదు.