ఆగిన పిల్లను ఆగనివ్వండి

పట్టాలు అందుకున్న కాబోయే టీచర్లకు అభినందనలు.

నా ఉద్యోగమంతా ఒకటి, రెండు తరగతుల పిల్లల పక్కన కూర్చుని వాళ్ల చదువు వినడంలోనే గడిచింది. అందుకే ఇవాళ వాళ్లు చేసే తప్పుల గురించే మాట్లాడతాను.

ఒక పాప ‘మేక ఆకులు తింది’ అన్న వాక్యాన్ని ‘మేక గడ్డి తింది’ అని గడగడా చదివేసింది. బొమ్మ చూసి ఊహించింది, అర్థం మాత్రం చెడలేదు. దసరా సెలవులయ్యాక అదే పాప ‘ఆకులు’ మీద వేలు పెట్టి ఆగిపోయింది. ‘మొన్నటిదాకా బాగానే చదివేదండీ, ఇప్పుడు నోరు మెదపట్లేదు’ అని వాళ్లమ్మ కంగారుపడింది. ‘మీ పిల్ల ఓ మెట్టు ఎక్కిందమ్మా’ అన్నాను. నోటికొచ్చింది చెబితే కుదరదని, అచ్చులో ఉన్నదే చదవాలని దానికి తెలిసొచ్చింది. సంక్రాంతి దాటాక ‘కొమ్మ’ను ‘కోమ’ అంది. ఒత్తు జారిపోయింది, దీర్ఘం వచ్చి చేరింది, కానీ చూపు అక్షరం మీదికి దిగింది. వేసవి సెలవుల ముందు ‘మేక కోమ లాగింది’ అని చదివి, మొహం చిట్లించి, ‘కొమ్మ!’ అని తనే దిద్దుకుంది. అక్షరమూ అర్థమూ అక్కడ కలిశాయి.

ఇంగ్లిషు చదివే ఒకటో తరగతి పిల్లల్లోనూ ఆండ్రూ బీమిల్లర్ అనే పరిశోధకుడు ఇదే వరస గమనించి 1970లో ప్రచురించారు. ముందు ఊహ, తర్వాత మౌనం, ఆపైన రెండింటినీ కలుపుకున్న చదువు. మౌనానికి త్వరగా చేరిన పిల్లలే ఏడాది చివరికి బాగా చదివారు.

నా బెంగంతా ఆ మౌనం గురించే. పిల్ల ఆగీ ఆగగానే మనం మాట అందించేస్తాం. అది అందుకుని అనేస్తుంది, ఇక అక్షరం వంక చూడాల్సిన పనే ఉండదు. ఏమర్రా, అంత తొందరేమిటి మీకు? పాఠ్యపథకంలో 45 నిమిషాలకూ లెక్క రాస్తారే, ఆ పిల్లకు ఐదు సెకన్లు ఇవ్వలేరా? అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం చూపించండి. బొమ్మ మాత్రం చూపించకండి.

అన్ని తప్పులూ మురిసిపోవాల్సినవి కావు. నాలుగో తరగతిలోనూ ఒక పిల్లాడు ఊహించే చదువుతున్నాడంటే వాడికి గుణింతాలు, ఒత్తులు పట్టుబడలేదన్నమాట. ‘వాడే నేర్చుకుంటాడులే’ అని వదిలేశారో, నాకు కోపం వస్తుంది.

మొదటి జీతంతో ఒక నోటుపుస్తకం కొనండి. పిల్లకో పేజీ కేటాయించి, ఏ మాటను ఏమని చదివిందో తేదీ వేసి రాయండి. ఇన్‌స్పెక్షన్‌లో దాన్ని ఎవరూ అడగరు. రేపు ఏ పిల్లకు ఏం చెప్పాలో మీకు తెలిసేది మాత్రం అందులోనే. వెళ్లి రండి, శుభం.