ముఖం ఒకరిది, గొంతు ఒకరిది

(శ్రీకూర్మంలో జరిగిన మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట సినిమా అవార్డుల ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అవార్డు అంటే ఏ పని గొప్పదో, ఎవరు గౌరవించదగ్గవారో ప్రభుత్వం నలుగురి ముందూ చెప్పడం. ఆ మాట చెప్పేది ప్రజల డబ్బుతో. కాబట్టి ఎవరి శ్రమ లెక్కలోకి వస్తోంది, ఎవరిది రావడం లేదు అని అడిగే హక్కు మనకుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో నంది అవార్డులు మొదలుపెట్టింది. లేపాక్షి నంది పేరే వాటికి పెట్టారు. 2014, 2015, 2016 సంవత్సరాల అవార్డుల్ని 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించాక ఆ వరస ఆగిపోయింది. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో పెట్టిన అవార్డుల్ని 2025 జూన్ 14న హైదరాబాదులో ప్రదానం చేసింది. 2024 సినిమాల జ్యూరీకి నటి జయసుధ అధ్యక్షురాలు. ఒక స్త్రీ ఆ కుర్చీలో కూర్చోవడం మంచిదే. ప్రశ్న మాత్రం అక్కడితో తీరదు.

నంది అవార్డుల్లో ఉత్తమ నటి ఒక విభాగం, ఉత్తమ డబ్బింగ్ కళాకారిణి ఇంకొక విభాగం. రోజారమణి, సరిత, సునీత వంటివారు ఈ రెండో విభాగంలో అవార్డులు అందుకున్నారు. తెర మీద ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. గొంతునిచ్చిన స్త్రీ శ్రమని గుర్తించడం న్యాయమే. కానీ నాయికకి సొంత గొంతు లేకపోయినా ఫరవాలేదని పరిశ్రమ అనుకోవడం వల్లనే ఆ విభాగం అవసరమైందని మరిచిపోకూడదు. మన శ్రీకాకుళం యాస సంగతి మీకు తెలియనిది కాదు. ఇంటిపని చేసే మనిషికో, నవ్వించే పాత్రకో తప్ప నాయికకి ఆ యాస దక్కడం అరుదు.

అవార్డులు వృథా అని నేననను. 'దాసి' (1988)లో నటించిన అర్చనకీ, 'కర్తవ్యం' (1990)లో నటించిన విజయశాంతికీ జాతీయ ఉత్తమ నటి అవార్డులు వచ్చాయి. ఒకరు గడీలో నోరెత్తలేని దాసి, ఒకరు పోలీసు అధికారి. స్త్రీ జీవితం కథకి కేంద్రం కాగలదని ఆ అవార్డులు చెప్పాయి.

అయితే నటన కాక మిగిలిన పనుల మాటేమిటి? ముంబై పరిశ్రమలో స్త్రీలకి మేకప్ కళాకారులుగా యూనియన్ కార్డు ఇచ్చేవారు కాదు, జడలు వేసే పనికే పరిమితం చేసేవారు. ఇది చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2014లో. పనిలోకే రానివ్వకుండా, ఆ పనిలో స్త్రీలకి అవార్డులు రాలేదని అనడంలో అర్థం లేదు.

పనిలోకి వచ్చాక భద్రత సంగతి. 2024లో జాతీయ ఉత్తమ నృత్యదర్శకుడిగా ఎంపికైన వ్యక్తి మీద, తనతో పనిచేసిన యువతి లైంగిక హింస ఫిర్యాదు చేసింది. పోక్సో కేసు నమోదయ్యాక ఆ అవార్డుని నిలిపివేశారు. కేసు తేల్చవలసింది కోర్టే. అవార్డుకీ పనిచేసే చోటుకీ సంబంధం ఉందని మాత్రం ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. కేరళలో హేమ కమిటీ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక బయటికి రావడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. నివేదిక బీరువాలో ఉన్నన్నాళ్ళూ షూటింగులు ఆగలేదు, అవార్డు సభలూ ఆగలేదు.

పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. సినిమా యూనిట్‌లో వందలమంది ఉంటారు. నంది అవార్డుల్ని మళ్ళీ మొదలుపెట్టాలన్న మాట వినబడుతూనే ఉంది. మొదలుపెడితే, నిర్మాత పంపే దరఖాస్తుతో పాటు ఆ కమిటీ సభ్యుల పేర్లూ, జూనియర్ ఆర్టిస్టులకి కూలి చెల్లించిన రుజువూ జతచేయాలని మనం అడగాలి. జ్యూరీలో సగంమంది స్త్రీలుండాలనీ అడగాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. అవార్డుల నియమావళిలో నాలుగు వాక్యాలు చేరిస్తే చాలు. ఆ నాలుగు వాక్యాల కోసం మహిళా సంఘాలన్నీ కలిసి సంతకాలు సేకరించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.