సంతకమున్న పుస్తకం

పుస్తకాన్ని చదివేవారికి కథ ముగియడంతో పని ముగుస్తుంది. సేకరించేవారికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఇట్టి సేకర్తలలో ఒక వర్గంవారి పట్టుదల విచిత్రమైనది. నవల గూఢచారి కథో, అపరాధ పరిశోధన కథో కావాలి. అది చలనచిత్రంగా వచ్చి ఉండాలి. ఆ ప్రతిమీద రచయిత స్వహస్తంతో చేసిన సంతకం ఉండాలి. ఈ మూడూ కలిసిన ప్రతి కోసం వారు ఏళ్ల తరబడి వెదకుతారు.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఆంగ్ల రచయిత ఇయాన్ ఫ్లెమింగ్. జేమ్స్ బాండ్ కథలలో మొదటిదైన ‘కసినో రాయల్’ 1953లో వెలువడినది. 1962లో ‘డాక్టర్ నో’ చిత్రంగా వచ్చిన తరువాత ఆ పాత్ర పేరు లోకమంతటా వ్యాపించింది. 1964 ఆగస్టులో ఫ్లెమింగ్ కన్నుమూశారు. అనగా, చిత్రాలు వచ్చిన పిమ్మట ఆయన సంతకం చేయగలిగిన కాలం రెండేళ్లయినా లేదు. కోరేవారు నానాటికీ పెరుగుతారు. సంతకాలు మాత్రం పెరగవు. వెల పెరగడానికీ, కూటసంతకాలు పుట్టడానికీ కూడా కారణం ఇదే.

మన తెలుగులోనూ ఈ కథలకు కొరత లేదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను, సహాయకుడు రాజును ఎరుగని పాఠకులు ఒక తరంలో అరుదు. కవిగా పేరొందిన ఆరుద్రగారు సైతం ‘పలకల వెండి గ్లాసు’ వంటి అపరాధ పరిశోధక నవల వ్రాశారు. 1966లో కృష్ణ కథానాయకుడుగా ‘గూఢచారి 116’ తెరమీదికి వచ్చింది. మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి ‘చంటబ్బాయి’ని 1986లో జంధ్యాలగారు అదే పేరుతో చిత్రంగా తీశారు, అందులో చిరంజీవిది డిటెక్టివ్ పాత్ర. సేకర్త కోరే మొదటి రెండు లక్షణాలూ ఈ నవలకు ఉన్నవి. మూడవదే దుర్లభం.

సంతకం నిజమైనదా కాదా అని తేల్చడానికి యుగంధరే రానక్కరలేదు. ముందు ముద్రణ సంవత్సరం చూడాలి. 1965లో అచ్చయిన ప్రతిమీద ఫ్లెమింగ్ సంతకం ఉంటే అది కల్ల. పిదప కాగితాన్ని వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడాలి. చేతి వ్రాతలో గీత ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలుచగా సాగుతుంది. అచ్చువేసిన సంతకానికి కలం నొక్కుడు ఉండదు. చివరకు, ఆ ప్రతి ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో విచారించాలి.

ఈ పరీక్ష మేము ఒకసారి డోన్‌లో చేశాము. కర్నూలు, నంద్యాల, గుంతకల్లు దిక్కులకు రైలు దారులు చీలే ఆ ఊరిలో బండికోసం కనిపెట్టుకొని ఉండేవారికి ఒకప్పుడు ఇట్టి నవలలే కాలక్షేపం. పరిచితుల ఇంటిలో అటకమీది పెట్టె దింపించారు. అట్టలు ఊడిన యుగంధర్ నవలలు ఇరవై దాకా ఉన్నవి. ఒకదాని మొదటి పుటలో నీలిసిరాతో సంతకం. అది రచయితదేనని ఇంటివారి నమ్మకం. మంచి వెల వస్తుందని ఆశ. మేము తక్కిన పుస్తకాలు కూడా విప్పి చూచాము. అన్నింటిలోనూ అదే చేవ్రాలు, పక్కన తేదీలు, అణాల లెక్క. అది పుస్తకాలు అద్దెకిచ్చిన దుకాణదారు సంతకం.

ఉన్నమాట చెప్పాము. దీనికి వెల రాదన్నాము. మరుసటి ఏడు వెళ్లేసరికి పెట్టె ఖాళీగా ఉన్నది. పుస్తకాలన్నీ చిత్తుకాగితాల వానికి తూచి ఇచ్చివేశారట.

తప్పు వారిది కాదు. వెల లేదని చెప్పిన మేము విలువ ఉన్నదని చెప్పలేదు. ఆ ఊరివారు ఏ కథను ఏనాడు ఇంటికి తీసుకొనిపోయి చదివారో తెలిపే లెక్క ఆ పుటలలో ఉండినది. రచయిత సంతకం మరొక ప్రతిమీద దొరికినా దొరకవచ్చు. ఆ లెక్క మరెక్కడా దొరకదు.

కనుక మీ ఇంటి అటకమీద ఇట్టి పెట్టె ఉంటే ఒకసారి దింపించండి. తడి తగలని చోట, చెద పట్టకుండా భద్రపరచండి. సంతకం ఎవరిదని అడగడం మంచిదే. ఎవరిదైనా సరే, ఆ పుటను మాత్రం చింపవద్దు.